కుక్కలతో మాట్లాడే భాష

ష్రూస్‌బరి,
9 జనవరి 1978

ఎలినెడ్ వదినగారికి,

రెండేళ్ళ మూడు నెలల తరువాత మీకు ఉత్తరం రాస్తున్నాను. క్షేమసమాచారాలతో కాగితం వృథా చేయను. అవసరం పడి రాస్తున్నానని మొదటే చెప్పేస్తే ఇద్దరికీ సుఖం.

మా ఇంట్లోకి ఒక కుక్క కావాలి. ఆలిసన్‌కు పదకొండేళ్ళు నిండాయి. బడి నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుంటుంది. స్నేహితులు లేరు. అడిగితే తప్ప మాట్లాడదు. కుక్కనో పిల్లినో పెంచమన్నాడు డాక్టరు. పిల్లి ఉంటే మా అత్తగారికి దగ్గు. కాబట్టి కుక్క.

నేను ఏ పనీ గుడ్డిగా చేయనని మీకు తెలుసు. గ్రంథాలయం నుంచి మూడు పుస్తకాలు తెచ్చి, నోటు పుస్తకంలో గళ్ళు గీసి, పదకొండు జాతులను పక్కపక్కన పెట్టి చూశాను. ఎత్తు, తిండి, రాలే వెంట్రుకలు, పిల్లలతో నడత, తెలివి, ఒక్కోదానికి ఒక్కో గడి. ఎదురింటి మిసెస్ టడ్జ్ దగ్గర పూడిల్ ఉంది. దాన్ని నెలకొకసారి క్షవరానికి తీసుకెళ్తారు. ఆ ఇంట్లో శుభ్రంగా తల దువ్వుకున్న ప్రాణి అదొక్కటే. వేటకుక్కలకు ముక్కే గాని బుర్ర లేదు. ఆల్సేషియన్ మా నడవాలో అటు తిరిగితే ఇటు తిరగలేదు. చివరకు తెలివి గడిలో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వచ్చింది గొర్రెల కుక్కకు. చిన్నప్పుడు కాళ్ళకు అడ్డం పడుతోందని నేను రోజూ చీపురుతో తరిమిన జాతి. ఆ సంగతి తెలుసుకోవడానికి మూడు పుస్తకాలు చదవాల్సి వచ్చింది.

మీ దగ్గర ఎలాగూ ఒకటి రెండు ఊరికే పడి ఉంటాయి. నాకు కావలసింది ఆడది, మెడ చుట్టూ తెల్లపట్టీ ఉన్నది, అస్తమానం మొరగనిది. తిండి, నడక, మందుల వివరాలు వరసగా కాగితం మీద రాసి పంపండి. నోటిమాటలు నాకు పనికిరావు.

ఇద్వల్ అన్నయ్యను పూడ్చిన రోజు చర్చి వాకిట్లో, పదిమందిలో, మీరన్న మాట నేను మరచిపోయానని మాత్రం అనుకోకండి. తేదీ వేసి రాసి పెట్టుకున్నాను.

ఇట్లు,
మెన్నా


హావోద్ వెన్, బలా దగ్గర,
22 జనవరి

మెన్నాకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఒకసారి పొయ్యి దగ్గర, ఒకసారి దొడ్లో పైకి. దొడ్లో చదివినప్పుడు గొర్రెలు కూడా మేత ఆపి విన్నాయి.

ఇరవై ఏళ్ళు నన్ను ‘నువ్వు’ అన్నదానివి. మీ అన్నయ్య పోగానే నేను ‘మీరు’ అయ్యాను, ‘వదినగారు’ అయ్యాను. సరే. ఆ గౌరవం ఇక్కడ చలికి కట్టెల కిందికైనా రాదు.

ఆ రోజు నేనన్నది గుసగుసగా చెప్పుకోవలసిన మాటేం కాదు. పాదిరిగారు ఆలిసన్‌ను పేరు అడిగితే ఆ పిల్ల గుడ్లప్పగించి చూసింది. “దానికి మన మాట రాదండీ. మెన్నా కూతురికి కుక్కలతో మాట్లాడే భాష ఒక్కటే వచ్చు” అన్నాను. అబద్ధమా? మన వేల్స్ కొండల్లో మనుషులతో వెల్ష్ మాట్లాడతాం. దేవుడితో వెల్ష్ మాట్లాడతాం. ఇంగ్లీషు మాట్లాడేది గొర్రెల కుక్కలతో. సరిహద్దు అవతల నువ్వు కట్టుకున్న ఇంగ్లీషు దొరగారి ఇంట్లో దాన్ని తీసుకొచ్చి భోజనాల బల్ల మీద పెట్టారు.

ఇక నీ కుక్క సంగతి. నీ గళ్ళలో గొర్రెలకు గడి ఉందా? మీ వీధిలో గొర్రెలు ఎన్ని? గొర్రెల కుక్క సోఫా మీద వేసుకునే దిండు కాదు. పని చెప్పకపోతే అదే కల్పించుకుంటుంది. అది కల్పించుకున్న పని మీకు నచ్చదు. నా మాట విని పూడిల్ తెచ్చుకో. మీ వీధికి అదే ఎక్కువ.

అయినా ఒకటి ఉంది. నెల్. ఆడది, నాలుగేళ్ళది, పట్టీ ఉంది. మీ అన్నయ్య తర్ఫీదు ఇచ్చాడు. ఇక్కడ పనికి రావడం లేదు. ఎందుకని అడక్కు. పని చేయని కుక్కకు కొండ మీద రెండే దారులు. ఒకటి నీ ఇల్లు. రెండోది రాయను.

పొద్దున ఏమీ పెట్టకు. సాయంత్రం మొక్కజొన్న అటుకులు వేడినీళ్ళలో నానేసి, గుప్పెడు ఓట్స్, బల్ల మీద మిగిలిన ముక్కలు. పచ్చిమాంసం వద్దు. పురుగుల మాత్ర మూడు నెలలకొకటి. నడక నీ కాళ్ళు నొప్పెట్టే దాకా, ఆపైన ఇంకొంచెం. పొయ్యి పక్కన పడుకోనిస్తే పాడైపోతుంది. దువ్వడం నీ ఇష్టం. ఇక్కడ ముళ్ళకంపలే దువ్వుతాయి.

ఫిబ్రవరి మూడో మంగళవారం ష్రూస్‌బరి పశువుల సంతకు లారీ వస్తుంది. తాడు నువ్వే తెచ్చుకో.

ఎలినెడ్


ష్రూస్‌బరి,
3 ఏప్రిల్

వదినగారికి,

నెల్ వచ్చి నలభై ఒక్క రోజులైంది. సంతలో లారీ దిగి నా బూట్లు వాసన చూసి, నా మొహం చూసి, మళ్ళీ లారీ ఎక్కబోయింది. అక్కడే తెలిసింది ఎవరి పెంపకమో.

మీరు రాసినవన్నీ తు.చ. తప్పకుండా చేశాను. అటుకులు రెండు గిన్నెలు కొలిచి పోస్తున్నాను. ఓట్స్ గుప్పెడన్నారు, ఎవరి గుప్పెడో చెప్పలేదు. నాది వేశాను. నది గట్టు మీద పొద్దున నలభై నిమిషాలు, సాయంత్రం గంట నడక. ఆదివారం చెవులు, గోళ్ళు చూస్తాను. పాదాల మధ్య వెంట్రుకల్లో బురద ఎండకుండా గోరువెచ్చని నీళ్ళతో కడుగుతాను. మీ కొండ మీద దాన్ని ఇంత బాగా ఎవరూ చూసి ఉండరు.

ఇంత చేసినా ఇంట్లో తిరుగుతున్నది పిచ్చికుక్క. కూర్చున్నది కూర్చున్నట్టే లేచి బల్ల చుట్టూ పరుగు తీస్తుంది. మా అత్తగారు కుర్చీలోంచి లేస్తే కూర్చోబెడుతుంది, కూర్చుంటే లేపుతుంది. మిసెస్ టడ్జ్ గుమ్మంలో నిలబడి మాట్లాడుతుంటే ఆవిడ వెనక్కు వెళ్ళి, మడమలు పట్టుకోబోతూ వంటింటి మూలకు తోలుకొచ్చింది. అక్కడ ఆవిడ ఎదురుగా పొట్ట నేలకానించి, రెప్ప వేయకుండా చూస్తూ కాపలా. ఆవిడను చూసి గొర్రె అనుకోవడంలో దాని పొరపాటు పెద్దగా లేదు గాని, మర్యాదంటూ ఒకటుంటుంది కదా.

ఇక అసలు సంగతి. మొన్న గురువారం మధ్యాహ్నం అత్తగారు మేడ మీదికి బయలుదేరారు. నెల్ మెట్ల ముందు అడ్డంగా కూలబడింది. ఆవిడ దాని మీదుగా పడ్డారు. మణికట్టు విరిగింది.

సాయంత్రం క్లైవ్ కోటు కూడా విప్పకుండా చెప్పాడు: “మే ఒకటో తారీకు తరువాత ఈ జంతువు నా గడప లోపల ఉండదు. మీ వదిన తీసుకుంటే సరే. లేదంటే పశువుల డాక్టరు దగ్గర సూది ఉంది.” ఆలిసన్ మెట్ల మీదే ఉంది. ఏడవలేదు. బడి సంచీలోంచి పుస్తకాలు తీసి బయట పెట్టి, నెల్ గిన్నె, దువ్వెన, తాడు లోపల సర్దింది. ఎక్కడికే అంటే “దాన్ని ఎక్కడికి పంపితే అక్కడికి” అంది. ఈ ఏడాది అది నాతో అన్న మాటల్లో అదే పొడవైనది.

తెలివైన జాతి అని రాసిన ఆ పుస్తకాల ఆయన చిరునామా దొరికితే ఆయనకూ రాస్తాను. ప్రస్తుతానికి మీరు దాన్ని వెనక్కు తీసుకోండి. లారీ ఏ మంగళవారమో తెలియజేయండి.

మెన్నా


హావోద్ వెన్,
7 ఏప్రిల్

మెన్నాకు,

తీసుకోను.

గొర్రెలు ఈనే కాలం. మోకాలి లోతు రక్తంలో నిలబడి మీ అత్తగారి మణికట్టు గురించి చదివాను. ఆవిడ కాలు దాటించి వేయాల్సింది.

వెనక్కు పంపితే ఏమవుతుందో చెప్పనా? పక్క పొలం ఎమ్రిస్ ఇప్పటికి రెండుసార్లు తుపాకీ తుడుచుకుని వచ్చాడు. “తిండి దండగ ఎలినెడ్. నీకు చేతులు రాకపోతే నేను చూసుకుంటా. రెండు నిమిషాల పని” అన్నాడు. రెండుసార్లూ టీ ఇచ్చి పంపించాను. మూడోసారి నా దగ్గర టీ ఉంటుందని హామీ ఇవ్వలేను. కాబట్టి మీ దొరగారి సూదికీ ఎమ్రిస్ తూటాకూ తేడా లారీ ప్రయాణం ఒక్కటే.

కుక్క ఊరికే ఏదీ చేయదు. ఊరికే చేసేది మనుషులు. అది లేచే ముందు ఆ గదిలో ఏదో జరుగుతోంది, మీ కంట పడటం లేదు. నీకు గళ్ళు గీయడం వచ్చు కదా, దీనికి గీయి. రెండు వారాలు. ఎవరెక్కడున్నారు, చేతిలో ఏముంది, ఎవరేమన్నారు. మీవాళ్ళ మాటలు మన భాషలోకి మార్చకుండా, వాళ్ళు అన్నది అన్నట్టే రాయి. మార్చావంటే మర్యాదగా మారుస్తావు. నాకు మీ మర్యాద అక్కరలేదు.

ఎలినెడ్


ష్రూస్‌బరి,
23 ఏప్రిల్

వదినగారికి,

ఇరవై ఏడు సంఘటనలు నమోదయ్యాయి. అన్నీ రాస్తే తపాలా బిళ్ళలు చాలవు. రకానికి ఒకటి రాస్తున్నాను.

సోమవారం పొద్దున 7.40. మాడిన రొట్టె క్లైవ్ ముందు పెట్టాను. “టేక్ ఇట్ అవే” అన్నాడు. నెల్ లేచి కుడివైపు నుంచి బల్ల చుట్టి వచ్చింది. పాలజాడీ పగిలింది.

మంగళవారం మధ్యాహ్నం 2.00. అత్తగారు కట్టు కట్టిన చేతిని ఎత్తి పట్టుకుని “ఐ నీడ్ ఎ లై డౌన్” అన్నారు. నెల్ నడుస్తున్నది నడుస్తున్నట్టే మెట్ల ముందు కూలబడింది. “చూశావా? నన్ను చంపడానికే మాటు వేసింది” అన్నారు ఆవిడ. కుక్క ఆవిడ వైపు చూడనైనా లేదు.

గురువారం పొద్దున 9.15. మిసెస్ టడ్జ్ గుమ్మంలో. “ఐ విల్ కం బై టుమారో” అంది. నెల్ ఎడమవైపు నుంచి ఆవిడ వెనక్కు వెళ్ళి మళ్ళీ వంటింటికి తోలుకొచ్చింది. రెండోసారి కాబట్టి ఆవిడ పెద్దగా పెనుగులాడలేదు. దారి తెలిసినట్టే వచ్చింది.

శనివారం సాయంత్రం 5.00. రేడియోలో ఫుట్‌బాల్ ఫలితాలు. పరాయి ఊరి నుంచి వచ్చిన జట్టు గెలిచినప్పుడల్లా క్లైవ్ తన పందెం కాగితం మీద టిక్కు పెట్టి “అవే!” అని కేక వేస్తాడు. నెల్ పదకొండు చుట్లు తిరిగింది, లెక్కపెట్టాను. పన్నెండో చుట్టుకు తివాచీ జారి గోడకు కొట్టుకుంది. క్లైవ్ కడుపు పట్టుకుని నవ్వి, “నీ కుక్క నాకన్నా బాగా ఆడుతోంది” అన్నాడు. మనిషి నవ్వడానికి ఎంత తక్కువ సరుకు సరిపోతుందో!

ఏమీ జరగని గంటలు కూడా రాశాను. ఖాళీ గడి వదలడం నాకు నచ్చదు. బుధవారం ఆలిసన్‌కు గొంతునొప్పి. బడికి పంపలేదు, వంటింట్లోనే పడక వేశాను. తలుపు వేసి, అటు ఎవరినీ రానివ్వలేదు. నెల్ సాయంత్రం దాకా ఆ పిల్ల పాదాల మీద గడ్డం పెట్టుకుని కదల్లేదు. రోజూ పది నుంచి పన్నెండు దాకా నేను వంటింట్లో ఒక్కదాన్నే ఉంటాను. అప్పుడూ కదలదు. నేను నోరు మూసుకుని ఉంటానని కాదు. పిండి కొలిచేటప్పుడు, జాబితాలు రాసుకునేటప్పుడు నాలో నేను పైకే మాట్లాడుకుంటాను. ఏ భాషలో అని మీరు అడుగుతారు, అడక్కముందే చెబుతున్నాను. మనదే. ఈ ఇంట్లో అది వినపడేది ఆ రెండు గంటలే. మీరు సంతోషపడాలని ఇది రాయడం లేదు. గడి నింపాలి కాబట్టి రాశాను.

ఇంకా ఎనిమిది రోజులున్నాయి. ఆలిసన్ సంచీ అలాగే సర్ది ఉంది.

మెన్నా


హావోద్ వెన్,
26 ఏప్రిల్

మెన్నాకు,

నీ ఉత్తరం చదివి నవ్విన నవ్వుకు, ఈనుతున్న గొర్రె లేచి నిలబడి నన్ను చూసింది. మీ అన్నయ్య పోయాక ఈ దొడ్లో ఎవరూ అలా నవ్వలేదు, అది బెదిరింది.

‘అవే’ అంటే కుడివైపు నుంచి వెళ్ళి మందను చుట్టమని. ‘కం బై’ అంటే ఎడమవైపు నుంచి. ‘లై డౌన్’ అంటే ఉన్నచోటే పడుకోమని. నీ కుక్కకు పిచ్చి లేదు. మీరు పొద్దున లేచింది మొదలు దానికి పని పురమాయిస్తూనే ఉన్నారు. అది ఒక్కటి కూడా కాదనకుండా చేస్తోంది. మీ ఇంట్లో మంద లేదు కాబట్టి ఉన్నవాళ్ళతో సరిపెట్టుకుంది. మీ అత్తగారు తనే పడుకోమని చెప్పి, పడుకున్న కుక్క మీద తనే పడ్డారు, సూది మాత్రం దానికి. మీ దొరగారు పన్నెండుసార్లు గొర్రెలను తెమ్మని కేక వేసి, తెచ్చేందుకు ఒక్క గొర్రెనైనా పెట్టలేదు. రెండు నెలలు ఈ చాకిరీ చేసి ఎవరినీ కరవలేదంటే, మీ వీధిలో దానంత ఓర్పున్న మనిషి లేడు.

మన ఇళ్ళలో ఇలా జరగదు. పొయ్యి పక్కన పడుకున్న కుక్క చెవిన ఆ మాటలు పడనే పడవు, అక్కడ అన్నీ వెల్ష్ కబుర్లే. నువ్వా ఇంట్లో పుట్టి కూడా కనిపెట్టలేకపోయావు. మీ నాన్న కుక్కలన్నీ ఈలకు తిరిగేవి, పద్దెనిమిదో ఏట టైపు ఉద్యోగానికి కొండ దిగిపోయావు, కాబట్టి నిన్ను వదిలేస్తాను. నాకెందుకు తట్టలేదు? ఇంగ్లీషు మనుషులు కూడా మాట్లాడతారన్న సంగతే నేను మరచిపోయాను.

నెల్ ఒక్కటే నోటిమాటకు తిరిగేది. మీ అన్నయ్య ముందరి పళ్ళను పొట్టేలు కుమ్మి ఊడగొట్టింది గుర్తుందా? ఆ తరువాత ఆయనకు ఈల పలకలేదు. అందుకని దానికి అంతా మాటలతోనే నేర్పాడు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు ఆ అరడజను మాటలే. ఆయన పోయాక నెల్‌ను కొండకు తీసుకెళ్ళి ఆ మాటలు అనబోయాను. ఆయన గొంతు నా గొంతుకు అడ్డం పడింది. మళ్ళీ ప్రయత్నించలేదు. ఈల వేస్తే దానికి తెలియదు. రెండేళ్ళు అది కంచె దగ్గర కూర్చుని నా నోటి వంక చూసింది. నేను దాని వంక చూడలేదు. ఎమ్రిస్‌తో పనికి రాదని చెప్పాను, నీకూ అదే రాశాను. పనికి రానిది నెల్ కాదు. దీనికీ గడి గీసుకో.

మందు చెబుతున్నాను. కుక్క ఉన్న గదిలో ఇంగ్లీషు మాట్లాడకండి. అంతే. మీ దొరగారికి వెల్ష్ నోరు తిరగకపోతే ఆ నోరు మూసుకోమను, అది కూడా వెల్ష్ కిందే లెక్క వేస్తాను.

ఎలినెడ్


ష్రూస్‌బరి,
4 జూన్

వదినా,

మే ఒకటి దాటింది. నెల్ ఇక్కడే ఉంది. నా కుర్చీ కింద నిద్రపోతోంది.

నీ ఉత్తరం క్లైవ్‌కు ఇంగ్లీషులో చదివి వినిపించాను (నెల్‌ను పెరట్లో కట్టేసి). ‘దొరగారు’ అన్నచోటల్లా ‘క్లైవ్’ అని చదివాను, ఆ మర్యాద నా సొంతం. ఆయన చెంచా కింద పెట్టి, “ఒక కుక్క కోసం నా ఇంట్లో నేను భాష మార్చుకోవాలా?” అన్నాడు. “పదమూడేళ్ళ కిందట నేను మీ కోసం మార్చుకున్నాను. అప్పుడు మీకు వింతగా అనిపించలేదు” అన్నాను. ఆయన పేపరు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. మర్నాడు రేడియోను పెరటి కొట్లోకి మార్చుకున్నాడు. ఇప్పుడు ఆయన ఫుట్‌బాల్ కేకలు టమోటా మొక్కలు వింటున్నాయి.

అత్తగారు ‘నడుం వాలుస్తాను’ అని మన భాషలో ఒక్క మాట నేర్చుకున్నారు. ఆ పలకడం వింటే పాదిరిగారు చర్చి తలుపు వేసుకుంటారు. అయినా రోజూ మధ్యాహ్నం రెండింటికి తప్పకుండా అంటారు, అని, కుక్క పడుకోలేదని విజయగర్వంతో మెట్లెక్కుతారు. మిసెస్ టడ్జ్ మాత్రం ఏమీ నేర్చుకోలేదు. రావడం మానేసింది. దాన్ని లాభం గడిలో వేశాను.

ఆలిసన్ సంగతి రాయాలి. ఎలా రాయాలో తెలియక దీన్ని చివరికి తోశాను. వారానికి ఇరవై వెల్ష్ మాటలని గళ్ళు గీసి ఇచ్చాను. మొదటి వారమే నలభై అడిగింది. ఆ రోజు పిండి పిసుకుతుంటే పక్కన నిలబడి, “అమ్మా, ఇన్నాళ్ళూ ఇది ఎవరితో మాట్లాడావు?” అంది.

“పిండితో” అన్నాను.

అది నవ్వలేదు. తనూ ఒక ముద్ద తీసుకుంది. అప్పటి నుంచి బడి వదలగానే మెట్ల మీదికి కాకుండా వంటింట్లోకి వస్తోంది. ఒకటే మాటలు. అన్నీ తప్పులే. మగా ఆడా తేడా లేదు, నిన్నా రేపూ తేడా లేదు. డాక్టరుకు చెబితే ఆయన కుక్క గొప్పతనం అంటాడు. నెల్ వింటూ వింటూ గురక పెడుతుంది.

కానీ నది గట్టు మీద గాలి వీచినప్పుడు అది ఆగిపోయి, దూరాన ఉన్న పొలాల వంక చూస్తుంది. దానికి పని కావాలి వదినా. బల్ల చుట్టూ కాదు. ఆగస్టులో సెలవులు. అత్తగారి చేయి ఇంకా స్వాధీనంలోకి రాలేదు, నేను కదలలేను. ఆలిసన్‌నూ నెల్‌నూ పంపమంటావా? బతిమాలుతున్నానని అనుకోకు. వీలు కాకపోతే ఒక్క ముక్క రాసి పడెయ్యి.

మెన్నా


హావోద్ వెన్,
20 ఆగస్టు

మెన్నాకు,

నీ కూతురూ కుక్కా లారీ దిగి పన్నెండు రోజులైంది. ఎప్పుడు తినాలి, ఎప్పుడు స్వెటర్ వేసుకోవాలి అని నువ్వు పంపిన మూడు కాగితాలు పొయ్యి రాజెయ్యడానికి చక్కగా పనికొచ్చాయి. ఆ పిల్ల చెప్పులు కొండకు కాదు గదా, మీ తివాచీకైనా ఆగవు. మీ అన్నయ్య పాత బూట్లలో గుడ్డలు కుక్కి తొడిగాను. దాని వెల్ష్ సంగతి చెప్పనక్కరలేదు. మనుషులను గొర్రెల్లాగా, గొర్రెలను మనుషుల్లాగా మాట్లాడుతుంది. ఎమ్రిస్‌ను చూసి “అత్తా, ఇది ఎప్పుడు వచ్చింది?” అంది. నేను విన్న వెల్ష్‌లో అంత సరైన వాక్యం ఇంకోటి లేదు.

మొన్న గొర్రెపిల్లలను తల్లుల నుంచి విడదీసే పని పడింది. మంద మొత్తం పై కొండ మీద ఉంది. నా ముసలి కుక్క సగం ఎక్కి, కుంటుతూ కూర్చుండిపోయింది. ఈల వేశాను. మళ్ళీ వేశాను. అది తోక ఊపింది గాని లేవలేదు. ఎమ్రిస్ కంచె అవతల నిలబడి, “రేపు నేను దింపుతాలే ఎలినెడ్. మీరిద్దరూ ఇంటికెళ్ళి టీ పెట్టుకోండి” అన్నాడు.

ఆలిసన్ కంచె మెట్టు ఎక్కింది. మీ అన్నయ్య నిలబడే మెట్టు. ఆ పిల్లకు తెలియదు. కింద నెల్ ఒళ్ళంతా బిగబట్టి, పిల్ల నోటి వంక చూస్తోంది. రెండేళ్ళు నా నోటి వంక చూసినట్టే.

“అత్తా, నేను చెప్పనా?” అని అడిగింది, మన భాషలో, ఒక్క తప్పు లేకుండా.

నేను తల ఊపాను. మాట ఎందుకు రాలేదో రాయను, గడి గీస్తావు.

“అవే, నెల్.”

అరవలేదు. మీ బల్ల దగ్గర ఉప్పు అందించమన్నట్టు అంది. నెల్ కుడివైపు నుంచి గడ్డిలో పడి వెళ్ళింది. కాసేపు కనిపించలేదు. తరువాత కొండ అంచున ఒక నల్లచుక్క, దాని ముందు మంద మొత్తం పాలు పొంగినట్టు కిందికి దిగింది. ఆ పిల్ల ఒక్కో మాటా తొందర లేకుండా చెప్పింది. అది తల్లిపాలతో వచ్చిన భాష కదా, తడుముకోలేదు. మీ అన్నయ్యే తడుముకునేవాడు.

గేటు వేశాక బూట్లు ఈడ్చుకుంటూ పరిగెత్తుకొచ్చి, “గొర్రెలు అందరూ వచ్చారు అత్తా” అంది.

నేను దిద్దలేదు. లెక్కపెట్టాను. అందరూ వచ్చారు.

ఎమ్రిస్‌కు టీ ఇచ్చాను. చక్కెర వేయలేదు.

ఇంకో వారం ఉంచుకుంటాను. గొర్రెల కోసమే, ఇంకేదో ఊహించుకోకు. మీ అత్తగారిని ఆవిడ కొడుక్కి అప్పగించి నువ్వే వచ్చి తీసుకెళ్ళు. తాడు తేనక్కరలేదు.

నీ నోటు పుస్తకం తీసుకురా. చర్చి వాకిట్లో నేనన్న మాట అందులో తేదీ వేసి ఉందన్నావు. ఆ మాట నేను వెనక్కు తీసుకోను. మెన్నా కూతురికి కుక్కలతో మాట్లాడే భాష వచ్చు. ‘ఒక్కటే’ అన్నది కొట్టెయ్యి. మిగతాది ఉండనీ.

మీ వదిన